అక్క పేర్చిన కాయలు

కడప జిల్లాలో క్యారం ఆటకు నాలాంటి ఛాంపియన్ ఇంకొకడు పుట్టలేదు. రెండేళ్ళపాటు దాదాపు ఒక్క ఆట కూడా ఓడకుండా ఆడినవాణ్ణి. ఆ రెండేళ్ళూ వేంపల్లె అవతలి ముగ్గురాయి గని దాటి ఎక్కడా ఆడలేదన్న సంగతి మాత్రం పక్కన పెట్టండి. దాటి ఆడింది ఒకే ఒక్కసారి. కడపలో దసరాకు పోటీలు పెట్టారని విని, రైలు స్టేషన్లో నా లారీ లోడు దించుతుండగానే నేను పోటీ జరిగే హాలుకు పోయి కూర్చున్నాను. నాకు ఎదురుగా ఒక దర్జీ కూర్చున్నాడు. ఎడమచేత్తో వేయించిన చెనక్కాయలు నోట్లో వేసుకుంటూ, కుడిచేత్తో ఆడుతూ, ఆ పొట్లం అయిపోయే లోపల నన్ను ఇంటికి పంపించేశాడు. నేను వేసినవి మొత్తం రెండు కాయలు. అందులో ఒకటి ఆయనది.

అంతకన్నా పెద్ద ఘనకార్యం ఆట మొదలు కాకముందే చేశాను. మా గనిలో క్యారం బోర్డు మీద ముగ్గురాయి పిండి చల్లుకొని ఆడేవాళ్ళం. ముగ్గురాయి అంటే తెల్లగా, కంటికి కనిపించేదానికన్నా మూడింతలు బరువుండే రాయి. దాని పిండితో ఆడవాళ్ళు వాకిట్లో ముగ్గు వేస్తారు కాబట్టి ఆ పేరు. మిగతా లోకం బోరిక్ పౌడరుతో ఆడుతుందని నాకు తెలుసు. తెలిసీ, నా ఆట రహస్యమంతా ఆ పిండిలోనే ఉందని నమ్మి, ఒక గుడ్డసంచి నిండా దాన్ని కడపకు తీసుకుపోయాను. అద్దంలాగా మెరుస్తున్న వాళ్ళ బోర్డు మీద రెండు పిడికిళ్ళు చల్లాను. పోటీ పెట్టిన పెద్దమనిషి నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఏమప్పా, బోర్డు మీద ముగ్గేస్తాండావా? పండగ మీ ఇంట్లో చేసుకోపో."

ఆ బోర్డు తుడవడానికి ఇద్దరు మనుషులూ ఒక పంచె పట్టాయి.

ఇదంతా ఇన్నేళ్ళ తర్వాత ఎందుకు గుర్తొచ్చిందంటే, పోయిన నెల వేంపల్లె బస్టాండులో మా గని గుమాస్తా కనిపించాడు. ఇద్దరం ముసలివాళ్ళమయ్యాం. ఆయన నన్ను చూసి, బాగుండావా అని కూడా అడక్కుండా, "అక్క పోయింది తెలుసునా" అన్నాడు. ఆలూరు పక్కన, కూతురింట్లో, చలికాలంలో పోయిందట. నా బస్సు వచ్చింది, పోయింది. నేను ఎక్కలేదు.

అక్క అంటే అందరికీ అక్కే. ఆమెకన్నా పదేళ్ళు పెద్దవాడైన ఆ గుమాస్తాకూ అక్కే. మేనేజరు ఒక్కడు "ఏయ్" అనేవాడు. నేనొకసారి పేరడిగాను.

"పేరెందుకప్పా? అన్నానికి మిమ్మల్ని పిలిచేది నేను. నన్ను పిలిచేదెవరు?" అనింది.

మళ్ళీ అడగలేదు. ఇప్పుడు రాద్దామని కూర్చుంటే నా దగ్గర ఆమె పేరు లేదు.

కర్నూలు రాజధాని అయిందని అందరూ అటువైపు చూస్తున్న కాలం అది. మేం మాత్రం రాయి తప్ప ఏమీ చూసేవాళ్ళం కాదు. గని పక్కన ఒక రేకుల కొట్టం ఉండేది. గుమాస్తాలు, మేస్త్రీలు, నాలాంటి లారీ డ్రైవర్లు కలిసి పదిమందిమి అక్కడ తిని అక్కడే పడుకునేవాళ్ళం. అక్క మాకు వండేది. కొట్టం వెనక గోడకు ఆనుకొని ఒక గది, అందులో ఆమె కాపురం. ఆమె, ఒక పెట్టె, రెండు కుండలు. కూతురిని అప్పటికే ఆలూరు పక్కకు ఇచ్చేసింది. ఆమెదీ ఆ పక్కే. కోపం వస్తే మాటల్లో కన్నడం దొర్లేది, అప్పుడు మేం ఆకుల ముందు నుంచి లేవకుండా గమ్మున తినేవాళ్ళం.

తన పేరు చెప్పని మనిషి మా పేర్లన్నీ మార్చేసింది. ఎవరు ఏం తింటారో, ఎంత తింటారో అదే వాళ్ళ పేరు. మజ్జిగ లేనిదే ఆకు ముందు నుంచి లేవని గుమాస్తా, మజ్జిగప్ప. నేను రెండు సంగటి ముద్దలు పెట్టించుకొని ఒకటిన్నరకే లేస్తానని నా పేరు ముద్దన్నర. నా లారీ ఓనరు ఒకసారి నన్ను వెతుక్కుంటూ వచ్చి నా అసలు పేరు చెబితే, అట్లాంటివాడు ఈ గనిలోనే లేడని పంపించేసింది.

మేనేజరు పేరు ఉప్పుసారు. ఆయన నోట్లో మెతుకు పడకముందే ఉప్పు చాలలేదనేవాడు. ఒకరోజు అక్క పప్పు వడ్డిస్తూ, "ఈ పొద్దు ఉప్పు రెండింతలు ఏసినా సారూ" అనింది. ఆయన తిని, "ఇప్పుడు కుదిరింది" అన్నాడు. ఆమె ఆ పప్పులో ఉప్పు గల్లు కూడా వెయ్యలేదు. తిన్న మాకు తెలుసు. ఆమె నవ్వితే చప్పుడు ఉండేది కాదు. భుజాలు మాత్రం కదిలేవి. ఆ పూట సాంతం ఆమె భుజాలు కదులుతూనే ఉన్నాయి.

ఆమె పొయ్యి దగ్గర ఇంకో వింత ఉండేది. అందరూ సంగటి తెడ్డుతో గెలుకుతారు. ఆమె చేతిలో మూరన్నర పొడవు, నున్నగా అరిగిపోయిన కర్ర ఉండేది. అది ఆమె మొగుడిది. ఆయన బేతంచెర్ల బండల గనుల్లో పని నేర్చి, ఇక్కడికి వచ్చి, కొండరాతికి గుంతలు కొట్టి పేలుడు మందు కూరేవాడు. ఆ కర్ర మందు కూరే కర్ర. నేను కొత్తగా వచ్చినప్పుడు ఆ సంగతి తెలిసి ముద్ద మింగకుండా కూర్చుంటే, "కడిగినాలేప్పా, కడుపులో పేల్దు, తిను" అనింది.

ఇక ఆట సంగతి. క్యారం బోర్డు మేనేజరుది. మద్రాసులో చదువుకున్నప్పటిది. దాంతోపాటు ఏనుగుదంతం స్ట్రైకరు ఒకటి తెచ్చుకున్నాడు. దాన్ని ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాదు. పని ముగిశాక, పొద్దుగూకేదాకా కొట్టం వరండాలో ఆట. ఆయనకు ఒకటే ఆట వచ్చు. తొలిదెబ్బ బలంగా కొట్టడం. చొక్కా చేతులు మడిచి, ఊపిరి బిగబట్టి, బోర్డు పగిలేటట్టు కొట్టేవాడు. కాయలు వంగి పేర్చడం మాత్రం ఆయన హోదాకు తక్కువ. ఆ పని అక్కకు చెప్పాడు. ఆయన చెప్పాడు కాబట్టి మిగతా గుమాస్తాలూ పేర్చడం మానేశారు. వాళ్ళు మానేశారు కాబట్టి నేనూ మానేశాను. నాకూ ఒక హోదా కావాలి కదా.

ఆమె చేతులు కడుక్కొని వచ్చేది. కొంగుతో బోర్డు తుడిచేది. మద్రాసు పౌడరు డబ్బా ఎప్పుడో అయిపోయింది కాబట్టి, ముగ్గురాయి పిండిని పలచని గుడ్డలో మూటగట్టి బోర్డు మీద దులిపేది. నడిమధ్య ఎర్రకాయ. దాని చుట్టూ ఆరు, ఒకటి తెలుపు ఒకటి నలుపు. వాటి చుట్టూ పన్నెండు. మొత్తం పంతొమ్మిది కాయలు నడిమి గుండ్రటి గీత లోపల రొట్టెలాగా కూర్చునేవి. అప్పుడు రెండు అరచేతుల మధ్య ఆ రొట్టెను పట్టుకొని ఇంత తిప్పేది. గోటితో అంచు కాయను ఒకసారి తట్టి, చెవి దగ్గరగా పెట్టి వినేది. ఏం వినేదో మాకు తెలీదు. ఆటకో పూజ అనుకునేవాళ్ళం. తర్వాత లేచి, "రాండప్పా" అనేది.

స్ట్రైకరు మాత్రం ఒక్కసారి కూడా ముట్టలేదు. "నువ్వొక దెబ్బ కొట్టక్కా" అంటే, "కొట్టేది అందరికీ వస్తాదప్పా. పేర్చేదే రాదు" అనేది. వంట చేసే మనిషి గొప్పలు అని నవ్వేవాళ్ళం.

కడప నుంచి వెనక్కి వచ్చిన రోజు అక్క పొయ్యి ముందు కూర్చొని చెనక్కాయల ఊరిబిండి దంచుతోంది.

"ఏమప్పా ముద్దన్నరా, గెల్చింది యాడ పెట్టినావు?"

"బోర్డు బాగలేదక్కా. వాళ్ళ పౌడరూ బాగలేదు. ఆ దర్జీ గూడా మంచోడు గాదు."

"ఆడ కాయలెవరు పేర్చినారు?"

"ఎవరి వంతుకు వాళ్ళే. నా వంతుకు నేనే పేర్చుకున్నా."

"అట్లయితే బోర్డును తిట్టాకు" అని రోకలి పక్కన పెట్టింది. "దా, చూపిస్తా."

వరండాలో ఎవరూ లేరు. కాయలు పేర్చి, కొట్టమనింది. కొట్టాను. మందు పేలినట్టు కాయలు నాలుగు పక్కలకూ పరిగెత్తాయి. ఒకటి మూలబొక్కలో పడింది. నా ఛాతీ కొంచెం పెరిగింది.

మళ్ళీ పేర్చింది. చూడ్డానికి అదే రొట్టె. అవే కాయలు, అదే పిండి. అదే బలంతో కొట్టాను. దబ్ మని, గోతాం కింద పెట్టినట్టు చప్పుడయింది. ముందున్న నాలుగు కాయలు పక్కకు జరిగాయి, వెనకవి ఉన్నచోటే ఉన్నాయి. చల్లారిన సంగటిని వేలితో నొక్కితే ఎట్లా ఉంటుందో అట్లా, ఆ రొట్టె ఒకపక్క సొట్టపడి కూర్చుంది.

"ఏం చేసినావు?"

"ఏం జేయలా. రొండుచోట్ల ఇంత సందు ఇడ్చినా." వేలి గోరు మీద వెంట్రుక మందం చూపించింది. "కాయకూ కాయకూ ఆనుకోనుంటే దెబ్బ ఒకదాన్నించి ఒకదానికి పోతాది. పోయి పోయి ఆ కొసనున్నదాన్ని గూడా లేపుతాది. నడుమ సందుంటే దెబ్బ ఆ సందులోనే సచ్చిపోతాది. బిగిచ్చి కూరిన మందు కొండనెత్తుతాది. వదులుగా కూరింది ఉత్త పొగ ఇడుస్తాది. మా ఆయప్ప దినామూ ఇదే చెప్తాండె."

"అందరూ బిగిస్తే విడిపోవనుకుంటాండారు గదక్కా."

"అనుకోనీ."

అప్పుడే మొదటిసారి మొగుడు ఎట్లా పోయాడో చెప్పింది. నేను అడగలేదు. కాయలు డబ్బాలో వేసుకుంటూ, వాటికి చెబుతున్నట్టు చెప్పింది. ఆయనకు ఆ రోజు జ్వరం. ఇంకెవరో కూరారు. వదులుగా కూరారు. పొగ వచ్చింది, రాయి లేవలేదు. ఎందుకు లేవలేదో చూద్దామని ఆయన దగ్గరికి పోయాడు. పక్క గుంతలోది అప్పుడు పేలింది.

కాసేపటికి నాకు వేరే అనుమానం వచ్చింది. నాలాంటి జోకర్ల బుర్రలు అట్లాంటివి, ఏడ్చే చోట కూడా తమ లెక్కే చూసుకుంటాయి.

"అక్కా, అయితే ఈ రెండేండ్లు నేను గెల్చిన ఆటలు?"

"నీ వంతొస్తే బిగిస్తాంటి. వాళ్ళ వంతొస్తే సందు ఇడుస్తాంటి."

"నేనంటే అంత అభిమానమా నీకు?"

"అభిమానమేందప్పా. నువ్వు ఓడిన పొద్దు మూతి ముడ్చుకోని పండుకుంటావు, అన్నం తినవు. ఒండిన ముద్ద కుక్కకేస్తాంటి. తిని తిని ఆఖరుకు కుక్కకు గూడా యాష్టకొచ్చింది."

ఛాంపియన్ పదవి ఆ విధంగా పోయింది. ఆ రోజు రెండు ముద్దలూ పూర్తిగా తిన్నాను.

మరుసటి ఏడాది గాలుల కాలం. మా వైపు ఆ రోజుల్లో గాలి వీస్తే కొండ మీది తెల్లదుమ్మంతా కొట్టంలోకి వచ్చేది. వరండాలో ఆట సాగేది కాదు. కాయలు ఒకపక్క, పిండి ఇంకోపక్క. మేనేజరు కళ్ళు నలుపుకుంటూ నాలుగు రోజులు ఓర్చుకున్నాడు. ఐదోనాడు భోజనాల దగ్గర, అందరి ముందు, అక్కను పిలిచాడు.

"ఏయ్, ఆదివారం లోగా నీ రూము ఖాళీ చెయ్. బోర్డు అందులో పెట్టిస్తా. గాలికి ఆట సాగడం లేదు."

ఆమె చేతిలో మజ్జిగ చెంబు ఉంది. మజ్జిగప్పకు పోయడం పూర్తి చేసి, అప్పుడు తిరిగింది.

"నేను యాడ ఉండాల సారూ?"

"కూలీల గుడిసెలు ఉన్నాయి కదా."

"ఉండాయి. కాయలను ఆడ పెట్టుకోండి. వాన కారినా వాటికేం గాదు."

ఎవరో కిసుక్కుమన్నారు. నేనే. మేనేజరు నా వైపు చూడగానే ఊరిబిండి కారంగా ఉన్నట్టు నాలుక చప్పరించాను.

"ఆ రూము నీకెవరిచ్చారు? కాయితం ఉందా?"

"మా ఆయప్ప సచ్చినందుకు గని పాత దొర ఇచ్చినాడు. నోటిమాటే. ఇప్పుడా దొర లేడు, మా ఆయప్పా లేడు. రూమొక్కటే ఉండాది."

"కాయితం లేకుంటే మాట లేనట్టే. ఆదివారం."

ఆదివారం దాకా అక్క పెట్టె సర్దలేదు, ఎవరినీ బతిమాలలేదు, వంటలో ఉప్పు తప్పలేదు. ఆమె తరఫున మేమైనా మాట్లాడాలని కొట్టంలో అనుకున్నాం. అందరిలోకీ నోరున్నవాడినని నన్ను పంపారు. నేను ఛాతీ విరుచుకొని మేనేజరు బంగళాకు పోయాను. పావుగంట తర్వాత బయటికి వచ్చాను. ఆయన కొత్త చొక్కా ఎంత బాగుందో చెప్పి వచ్చాను.

ఆదివారం సగం పూటే పని. మధ్యాహ్నం దాటాక మేనేజరు వరండాలో బోర్డు ముందు కూర్చున్నాడు. పక్కన పెట్టె మోయడానికి ఇద్దరు మనుషుల్ని నిలబెట్టాడు. ఏం జరుగుతుందో చూద్దామని కూలీలు, రాళ్ళు ఏరే ఆడవాళ్ళు ముప్పై మంది దాకా వచ్చి ఎండలోనే నిలబడ్డారు. గాలి ఆ రోజు కొంచెం తగ్గింది. అక్క లోపల్నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"పెట్టె యాడ?" అన్నాడు మేనేజరు.

"యాడ ఉండాల్నో ఆడే ఉండాది. సారూ, ఒక మాట. మీ దెబ్బకు ఈ జిల్లాలో ఎదురు లేదంటారు గదా."

"అంటారు." ఆయనకు నవ్వు వచ్చింది.

"నేను పేరుస్తా, మీరు కొట్టండి. ఒకే దెబ్బ. పంతొమ్మిదిట్లో పది కాయలు ఈ నడిమి గీత దాటితే రూము మీది. దాటకపోతే ఆ రూము మాట ఇంక ఎత్తగూడదు. ఈళ్ళందరూ సాక్షి."

మేనేజరు చుట్టూ చూశాడు. వద్దంటే తన దెబ్బ మీద తనకే నమ్మకం లేదన్నట్టు. అదీగాక ఆయనకు ఆ దెబ్బంటే ప్రాణం. చొక్కా చేతులు మడవడం మొదలుపెట్టాడు.

"సరే. కానీ నీ ఆటలు నా దగ్గర సాగవు. ఆ రాతిపిండి వద్దు. దాని బరువుకే కాయలు కదలడం లేదు." జేబులోంచి కొత్త బోరిక్ పౌడరు డబ్బా తీశాడు. కడపకు సంచి మోసుకుపోయిన నేను తల దించుకున్నాను.

"మీ ఇష్టం సారూ."

"ఇంకొకటి. నువ్వు కాయల్ని సిమెంటు పెట్టినట్టు బిగించి పేరుస్తావు. అందుకే నేను ఎంత బలంగా కొట్టినా విడిపోవు. ఇన్నేళ్ళుగా చూస్తున్నా. ఈరోజు వదులుగా పేర్చు. నేను దగ్గరుండి చూస్తా."

నా పక్కన మజ్జిగప్పకు దగ్గు వచ్చింది. ఆయనకు రహస్యం నేనే చెప్పాను, ఇంకెవరికీ చెప్పనని ఒట్టు వేయించుకొని. మేనేజరు ఆ దగ్గు విని మా వైపు తిరిగాడు.

"ఏంరా, నువ్వు ఛాంపియన్ కదా. చెప్పు. వదులుగా ఉంటేనే కదా విడిపోయేది?"

నిజం చెబితే అక్క రూము పోతుంది. అబద్ధం చెబితే తర్వాత నా పని పోతుంది. ఆరో క్లాసులో బడి మానేసినందుకు నా జీవితంలో ఆ ఒక్కసారే సంతోషించాను.

"నేను ఆరో క్లాసోణ్ణి సార్. మీరు మద్రాసులో సదివినోళ్ళు. మీకు నేను సెప్పేదేముంది?"

ఆయన తృప్తిగా తల ఊపాడు. అక్క మాత్రం అంతటితో వదల్లేదు. ఎండలో నిలబడ్డ వాళ్ళ వైపు తిరిగింది.

"ఇన్నారా అప్పా అందరూ? వదులుగా పేర్చమనింది సారే. రేపు నా మీదికి రాగూడదు."

కూర్చుంది. బోర్డు తుడిచింది. ఎర్రకాయ పెట్టింది. ఆరు కాయలు, పన్నెండు కాయలు. ఈసారి అరచేతుల్తో తిప్పలేదు, గోటితో తట్టలేదు, చెవి పెట్టలేదు. మేనేజరు లేచి వచ్చి నడుము వంచాడు. ఇన్నేళ్ళలో ఆయన ఆ కాయల మీదికి వంగడం నేను చూసింది అదే మొదలు. వేలిగోటితో ఒకచోట సందు చూసుకున్నాడు.

"ఇంకొంచెం."

ఆమె ఇంకొంచెం వదిలింది.

"సాలునా సారూ?"

"చాలు."

ఆయన కూర్చొని ఏనుగుదంతం స్ట్రైకరు తన వైపు గీత మీద పెట్టాడు. ఊపిరి బిగబట్టాడు. ఎండలో ఉన్నవాళ్ళు కూడా ఊపిరి బిగబట్టారు. అక్క నిలబడి, ఎడమచేత్తో కొంగు అంచు పట్టుకొని ఉంది. ఆ వేళ్ళు తెల్లబడేంత గట్టిగా పట్టుకుందని నేను చూశాను. ముఖంలో ఏమీ లేదు.

కొట్టాడు.

దబ్ మంది. బోర్డు కాళ్ళు కదిలాయి. స్ట్రైకరు ఎగిరి పక్క చెక్కకు తగిలి ఆయన ఒళ్ళోకే వచ్చి పడింది. ముందున్న కాయలు అటూ ఇటూ పరిగెత్తాయి. ఒకటి మూలబొక్క అంచుదాకా పోయి ఆగింది. వెనక సగం మాత్రం కూర్చున్నచోటే, కొంచెం ఒరిగి, దగ్గరదగ్గరగా కూర్చుంది. ఎర్రకాయ పక్కకు జరిగిందంతే.

మజ్జిగప్ప గుమాస్తా కాబట్టి ఎంచడం ఆయన వంతు. వేలు పెట్టి పైకి ఎంచాడు. గీత బయట ఏడు. ఎనిమిదోది గీత మీద ఉంది.

"అది దాటినట్టే" అన్నాడు మేనేజరు.

"దాటిందనే అనుకోండి సారూ" అనింది అక్క. "ఎనిమిది. పది గావాల."

ఆయన మెడ ఎర్రబడింది. స్ట్రైకరు చేతిలోకి తీసుకొని తుడిచాడు.

"చెయ్యి జారింది. ఇంకోసారి పేర్చు."

అక్క కదల్లేదు.

"మందు ఒకసారే పేలుతాది సారూ. పేలకపోతే దగ్గరికి పోగూడదు."

గొంతు పెంచలేదు. పెంచి ఉంటే ఆయన తిరిగి అరిచేవాడేమో. ఎండలో నిలబడ్డ వాళ్ళలో ఆమె మొగుడితో కలిసి గుంతలు కొట్టినవాళ్ళు ఉన్నారు. ఒక ముసలి కూలీ తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. పెట్టె మోయడానికి వచ్చిన ఇద్దరూ, ఎవరూ చెప్పకుండానే, మెట్లు దిగి పోయి జనంలో నిలబడ్డారు. మేనేజరు వాళ్ళనూ చూశాడు, బోర్డునూ చూశాడు. స్ట్రైకరు జేబులో వేసుకొని బంగళాకు పోయాడు. పౌడరు డబ్బా మరిచిపోయాడు.

ఆ రూము మాట మళ్ళీ ఆయన ఎత్తలేదు. ఎత్తుదామని ఒకటి రెండుసార్లు నోరు తెరిచాడట, ఎదురుగా ఎవరో ఒక కూలీ నిలబడి ఉండేవాడట. మరుసటి ఏడు ఆయనకు వేరే గనికి బదిలీ అయింది, బోర్డు కూడా ఆయనతోనే పోయింది. అక్క ఆ గదిలో ఇంకా చాలా ఏళ్ళు ఉంది. నేను లారీ మార్చి కర్నూలు వైపు పోయినప్పుడూ ఉంది. గని మూతపడ్డాక కూతురి దగ్గరికి పోయిందని బస్టాండులో మజ్జిగప్ప చెప్పాడు. ఎవరూ పంపితే పోలేదు.

ఆ ఆదివారం జనం వెళ్ళిపోయాక ఆమె కాయలు డబ్బాలో వేసి, వంటింట్లోకి నడిచింది. నేనూ వెనకాలే పోయాను. ఆమె పొయ్యి ముందు కూర్చొని మంట ఎగదోసింది.

"అక్కా, సారు గట్టిగా పేర్చమనింటే? పది కాయలు దాటింటే? నీ పెట్టె నెత్తిన పెట్టుకోని కూతురింటికి పోయేదానివి గదా?"

ఆమె కుండ మీద మూత తీసింది. లోపల నీళ్ళు తెర్లుతున్నాయి. పిండి చేటను దగ్గరికి లాక్కుంటూ, నా వైపు తిరగకుండానే అనింది.

"ఆడికి రాకముందే పదిమందికి ఎసురు పెట్టొచ్చినానప్పా. పోయేదాన్ని ఎసురు పెడతానా?"